దింపుడు కుర్చీ

మా ఆయన మీద హత్య కేసు పెట్టారు. ఆ కేసులో మొదటి సాక్ష్యం నా సంతకం. ఒకటి కాదు, పంతొమ్మిది కాగితాల మీద పంతొమ్మిది సంతకాలు. ప్రతి కాగితంలోనూ మూడో ప్రశ్న ఒకటే: 'కోపం ఉందా?' ప్రతిసారీ నా జవాబూ ఒకటే: 'లేదు'. ముప్ఫై రెండేళ్ళు కేస్‌షీట్లు రాసిన చెయ్యి కదా, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ప్లీడరు మెచ్చుకున్నాడు కూడా. వాడి మెప్పు మండిపోను.

నా పేరు సువార్త. కొత్తరేవు అంటురోగాల ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. నూట నలభై మంది నర్సులకి డ్యూటీ చార్టు వేసేది నేనే. మా ఆయన ఏసుపాదం టైలరు. మా నర్సు పిల్లల యూనిఫారాలన్నీ ఆయనే కుడతాడు. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్క మాట గట్టిగా అని ఎరగడు. బొద్దింక కనబడితే అట్టముక్క మీదకి ఎక్కించి వీధిలో వదిలొచ్చే మనిషి. ఆ మనిషి ఇత్తడి దీపపు కుందె ఎత్తి ఒక ముసలివాడి తల పగలగొట్టాడు. అదెలా జరిగిందో మొదట్నుంచీ చెప్పాలి.

నీలిజ్వరం వచ్చిన నాలుగో నెల అది. ఊపిరితిత్తులు నిండిపోయి, పెదాలు నీలంగా మారి, ఐదారు రోజుల్లో మనిషి పోయేవాడు. బంధువుల్ని వార్డులోకి రానిచ్చేవాళ్ళం కాదు. బయట రేకుల షెడ్డులో పడిగాపులు పడేవాళ్ళు. లోపల ఏం జరుగుతోందో తెలియదు, చివరికి మూటగట్టిన శవం మాత్రం బయటికొస్తుంది. వాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆ మంటంతా వచ్చి పడేది మా పిల్లల మీదే.

కెజియాకి ఇరవై ఆరేళ్ళు. ఒక పొద్దున, తొమ్మిదో బెడ్ పెద్దాయన పోయాడని చెప్పడానికి గేటు దగ్గరికి వెళ్ళింది. ఆయన కొడుకులు ముగ్గురున్నారు. మాట పూర్తవకుండానే ఒకడు జుట్టు పట్టుకుని ఆ పిల్లని గ్రిల్లుకేసి కొట్టాడు. ఇంకొకడు సెలైన్ స్టాండు లాక్కుని కుడి దవడ మీద బాదాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కెజియా నేల మీద కూర్చుని, ఊడిన రెండు పళ్ళూ అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది. గౌను ముందంతా రక్తం. వాచ్‌మన్ సింహాచలం ఒక్కడే మధ్యలోకి దూరి, ఆ దెబ్బలు కొన్ని తన వీపు మీద వేసుకున్నాడు.

మా డైరెక్టరు డాక్టర్ పురుషోత్తమరావు నన్ను గదికి పిలిచాడు. "గొడవ పెద్దది చెయ్యకండి సిస్టర్. వాళ్ళు పలుకుబడి ఉన్నవాళ్ళు. ఆ అమ్మాయి చేత అందరి ముందూ ఒక్క సారీ చెప్పించండి, అయిపోతుంది."

"దెబ్బలు తిన్నది తనండీ."

"అందుకే తను చెప్తే గొడవ చల్లారుతుంది."

చెప్పించాను. నేనే చెప్పించాను. దవడకి కట్టుతో, మాట నములుతూ, ఆ ముగ్గురి ముందూ ఆ పిల్ల సారీ చెప్పింది. తర్వాత డ్రెస్సింగ్ రూములో నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తుంటే, "మింగెయ్యి తల్లీ. నర్సన్నాక కోపం మింగాలి. నేను ముప్ఫై రెండేళ్ళుగా మింగుతున్నాను, చచ్చిపోయానా?" అన్నాను. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మా టీచరమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం అదే. నేను నేర్పిన మొదటి పాఠమూ అదే.

ఆ తర్వాతి వారం, మధ్యాహ్నం మూడుంబావుకి, మూడో వార్డులో ఆక్సిజన్ ప్రెషరు పడిపోయింది. పక్కనే స్టోరు, అందులో నలభై నిండు సిలిండర్లు. తాళంచెవి డైరెక్టరు జేబులో ఉంటుంది. ఎవరో ఎత్తుకుపోతారని అనుమానం ఆయనకి. ఫోను చేస్తే ఎత్తలేదు. నేను మేడమెట్లన్నీ ఎక్కి మీటింగు గది తలుపు గుద్దాను. బయట కూర్చున్న గుమాస్తా "సార్ ఎవర్నీ రానివ్వద్దన్నారండి" అని నా చెయ్యి పట్టుకున్నాడు. కింద వార్డు వాళ్ళు స్టోరు ఇనుప తలుపుని గునపంతో పొడుస్తున్న చప్పుడు పైకి వినబడుతోంది. ఇరవై రెండు నిమిషాలు. పదకొండు మంది. చేపల్లా నోళ్ళు తెరిచి పోయారు.

డైరెక్టరు బయటికొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "మీవాళ్ళు ఏడవకుండా చూడండి సిస్టర్. గేటు దగ్గర టీవీవాళ్ళున్నారు" అన్నాడు.

"అలాగేనండి" అన్నాను. లోపల్లోపల గొంతు చించుకుని అరుస్తున్నాను: తాళంచెవి ఏదిరా? పదకొండు మందిరా! ఏదిరా తాళంచెవి? పైకి మాత్రం అలాగేనండి. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఆయన అన్నం పెడితే తిని పడుకున్నాను.

నెల తిరిగేసరికి మా పిల్లలు కూలిపోవడం మొదలైంది. ఒకమ్మాయి సూది గుచ్చుతూ గుచ్చుతూ రోగి మీదే పడిపోయింది. తొమ్మిది మంది చెప్పాపెట్టకుండా మానేశారు. నా చార్టు నిండా ఖాళీలే. సరిగ్గా అప్పుడు డాక్టర్ తురగా మాలిని తన కుర్చీలు పట్టుకొచ్చింది. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, ఎప్పుడూ ఎలకల వాసన వేసే కోటు. మా వెనక బ్లాకులో ఆరేళ్ళుగా ఏదో ప్రయోగం చేస్తోందని తెలుసుగానీ ఏమిటో తెలియదు.

వీపులు ఆనించి రెండు కుర్చీలు, మధ్యలో టిఫిన్ క్యారియరంత పెట్టె. రెండు గొట్టాలు. ఒకరి రక్తంలోంచి అలసటని వడగట్టి, రెండోవారి ఒంట్లోకి ఎక్కిస్తుంది. మొదటిసారి నా మీదే చేసింది. రెండో కుర్చీలో మాలిని తనే కూర్చుంది. పావుగంటలో నా మోకాళ్ళ నొప్పులు, కళ్ళమంట, నడుం పీకులాట అన్నీ ఎవరో చేత్తో తీసేసినట్టు పోయాయి. ఆవిడ కుర్చీలోనే వాలిపోయి పది గంటలు నిద్రపోయింది.

"దీన్ని కాలువలో పారబొయ్యకూడదా?" అని అడిగాను మర్నాడు.

"పారబోస్తే ఇచ్చినవాళ్ళకి మూర్ఛలొస్తున్నాయండీ. ఇంకో ఒంట్లో కుదురుకుంటేనే ఈ ఒంట్లోంచి పూర్తిగా ఊడొస్తుంది. ఎవరో ఒకరు మొయ్యాల్సిందే."

మోసేవాళ్ళు గేటు బయటే ఉన్నారు. షెడ్డులో చేతులు ముడుచుకుని కూర్చున్న బంధువులు. "మీవాళ్ళని చూసుకునే సిస్టర్ అలసట కాస్త మీరు తీసుకుంటారా?" అని మైకులో అడిగామో లేదో, తోసుకుంటూ వచ్చారు. మా అమ్మని చూసే సిస్టర్‌ది నాకివ్వండంటే నాకివ్వండని. లోపలికి రాలేని మనుషులకి, తమవాళ్ళ కోసం చెయ్యగలిగిన పని ఒకటి దొరికింది. కెజియా అలసట బస్సు కండక్టరు వీరాచారి తీసుకున్నాడు. ఆయన భార్య ఆ పిల్ల వార్డులోనే ఉంది. నాకంటూ రోగులు లేరు కాబట్టి నాది మా ఆయన తీసుకున్నాడు. దింపుడు కుర్చీ అని పేరు పెట్టింది షెడ్డు జనమే.

ఒక్క షరతు పెట్టింది మాలిని. కూర్చునే ముందు ఒక కాగితం నింపాలి. ఒళ్ళునొప్పులున్నాయా? నిద్ర చాలుతోందా? కోపం ఉందా? మూడో దానికి 'ఉంది' అని రాస్తే ఆ రోజుకి కుర్చీ లేదు.

"ఎందుకని?"

"కోపంగా ఉన్న ఎలకలోంచి తీసింది ఇంకో ఎలకకి ఎక్కిస్తే, అది బోనులో ఉన్న మిగతావాటి పీకలు కొరికేసిందండీ. అలసటతో పాటు కోపమూ వెళ్ళిపోతుంది. విడదియ్యడం నాకింకా చేతకాలేదు."

మూడు వారాల్లో నాలుగువందల కాగితాలు పోగయ్యాయి. మాలిని అన్నీ ముందేసుకుని నన్ను పిలిచింది. "ఇంతమందిలో ఒక్కరికీ కోపం లేదా మేడం?"

"నర్సులండీ వాళ్ళు. నా చేతికింద తయారైన పిల్లలు" అన్నాను, గర్వంగా. నిజంగానే గర్వంగా.

మా సర్వీసులో నర్సు తనకి కోపం ఉందని సంతకం పెట్టి కాగితం మీద రాయడమంటే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. ఆ మాట వాళ్ళకి చెప్పింది నేనే. అదీగాక, మింగీ మింగీ అలవాటైనవాళ్ళకి లోపల ఉన్నది కోపమని కూడా తెలియదు. గ్యాసు అనుకుంటాం. నేనైతే పదేళ్ళుగా దానికి మాత్రలు వేసుకుంటున్నాను.

వార్డులు మాత్రం దివ్యంగా నడిచాయి, అబద్ధం ఎందుకు! పిల్లలు నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళేవారు. చావులు సగానికి తగ్గాయి. కానీ డ్యూటీ మారేటప్పుడు, ఒక బెడ్ ఖాళీ అయితే, ఇదివరకు దిగిపోయే పిల్ల ఎక్కే పిల్లకి ఆ మనిషి చివరిమాట చెప్పేది. అది మా వార్డుల ఆనవాయితీ. ఇప్పుడు "ఏడు ఖాళీ, దుప్పటి మార్చాలి" అని మాత్రమే చెబుతున్నారు. నేను గమనించాను. పనిభారం తగ్గిందిలే అనుకుని ఊరుకున్నాను.

షెడ్డులో రక్తం కారడం మొదలైంది. మంచినీళ్ళ వరసలో మాటామాటా పెరిగి ఒకాయన పక్కవాడి చెవి కొరికి ఊడదీశాడు. ఒక పంతులమ్మ తన సొంత చెల్లెల్ని ఇటికతో కొట్టింది. వీరాచారి తన బస్సు అద్దాలు తనే తలతో గుద్ది పగలగొట్టుకున్నాడు. భయంతో, దిగులుతో అలా అయిపోతున్నారనుకున్నాం అందరం.

ఒక ఆదివారం పొద్దున నేను ఇంటికి వెళ్ళేసరికి మా గుమ్మంలో గుంపు. లోపల కుట్టుమిషను తలకిందులుగా పడి ఉంది. ఆసుపత్రికి కుట్టిన మాస్కులు పట్టుకెళ్ళడానికి వచ్చిన కుర్రాణ్ణి మా ఆయన గోడకి అదిమి, గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర వాడి పీక మీద ఆనించాడు. పీక మీద సన్నగా రక్తం. మా ఆయన కళ్ళు నేనెప్పుడూ చూడని కళ్ళు.

"తాళంచెవి ఏదిరా?" అని అరుస్తున్నాడు. "పదకొండు మందిరా! ఏదిరా తాళంచెవి?"

ఆ మాట నాది. నేను ఏ మనిషికీ చెప్పని మాట. నా గొంతు దాటని మాట ఆయన నోట్లోంచి వస్తోంది.

కత్తెర లాక్కుని, కుర్రాడికి కట్టుకట్టి పంపాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకేమైందో తెలీడం లేదు సువార్తా. ఏ తాళంచెవి? నాకెందుకంత కోపమొచ్చింది?"

చెప్పాను. అంతా చెప్పాను. ఇంక కుర్చీ వద్దన్నాను. ఆయన పడిపోయిన మిషను లేపి నిలబెట్టి, "నువ్వు పడిపోతే ఆ పిల్లలు పడిపోతారు. వాళ్ళు పడిపోతే లోపలున్నవాళ్ళు పోతారు. ఇంకో నెల ఓర్చుకుంటాలే. కత్తెర నువ్వు దాచెయ్యి" అన్నాడు.

నేను కత్తెర దాచాను. మాలినికి చెప్పలేదు. చెబితే కుర్చీలు ఆగిపోతాయి, నా చార్టు మళ్ళీ ఖాళీలతో నిండుతుంది. ఆ తర్వాత నాలుగుసార్లు ఆయన్ని కూర్చోబెట్టాను. నాలుగుసార్లూ కాగితం మీద 'లేదు' అని రాశాను. తెలిసి రాశాను. ఇక్కడ నన్ను ఎవరైనా తిట్టుకోవాలనుకుంటే తిట్టుకోండి.

ఆ నెలాఖరున డైరెక్టరు సన్మానం పెట్టాడు. కుర్చీల్లో కూర్చున్న బంధువుల్లో నలభై మందిని ఏరి, హాల్లో ముందు వరసల్లో కూర్చోబెట్టి, శాలువాలు కప్పించాడు. మేం నర్సులం గోడవారగా నిలబడ్డాం. మాలిని ఎలకల దగ్గరే ఉండిపోయింది. సింహాచలం స్టేజీ మెట్ల దగ్గర కర్ర పట్టుకుని కాపలా. ఇత్తడి కుందెలో దీపం వెలిగించి, డైరెక్టరు మైకు అందుకున్నాడు.

"అలసట అనేది ఇక లేదు. కాబట్టి రేపట్నుంచి మా సిస్టర్లకి ఎనిమిది గంటల డ్యూటీ బదులు పదహారు గంటలు. సెలవులు రద్దు. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. ఏం సిస్టర్?"

నా వైపు చూశాడు. నాకు ఏమీ అనిపించలేదు. ముందురోజు రాత్రే దించుకున్నాను. ఒళ్ళు దూదిలా ఉంది. "అలాగేనండి" అన్నాను.

మొదటి వరసలో మా ఆయన లేచాడు. శాలువా జారిపోయింది. "తాళంచెవి ఏదిరా?" అన్నాడు, మెల్లిగానే.

వెంటనే నలభై మందీ లేచారు. కుర్చీలు గాల్లోకి లేచాయి. వీరాచారి మైకు స్టాండు పీకి డైరెక్టరు కుడి దవడ మీద కొట్టాడు, కెజియాకి తగిలిన చోటనే. ఎముక విరిగిన చప్పుడు మైకులో హాలంతా వినబడింది. "సారీ చెప్పు! అందరి ముందూ చెప్పు!" అంటూ మళ్ళీ కొట్టాడు. ఒకావిడ చెప్పు కాలితో ఆయన వేళ్ళు తొక్కుతూ, "మా అమ్మ శవాన్ని చూడ్డానికి ఒక్క పూట సెలవడిగితే ఇవ్వలేదు కదరా!" అని ఏడుస్తోంది. ఆవిడ అమ్మ బతికే ఉంది, రెండో వార్డులో. తల్లి పోయింది మా స్టాఫ్‌నర్సుకి. గోడవారగా నిలబడిన ఒక్క నర్సు మీద కూడా చెయ్యి పడలేదు.

మా ఆయన దీపం ఆర్పి కుందె పైకెత్తాడు. సింహాచలం కర్ర పడేసి, ఆ రోజు కెజియా కోసం దూరినట్టే మధ్యలోకి దూరాడు. "అయ్యా, వొద్దయ్యా" అన్నాడు. కుందె దిగింది. సింహాచలం మీద ఎవరికీ కోపం లేదు. ఎండలో డ్యూటీకి వస్తే మజ్జిగ తెచ్చిచ్చేవాడు మాకు. తల పక్కన మెత్తగా చప్పుడైంది, ముసలాయన మెట్ల మీద కూర్చున్నట్టుగా కూలి, అలాగే పోయాడు.

మేం నూరుమందిమి నిలబడి చూశాం. అన్నిటికన్నా ఘోరం అదే. భయం లేదు, ఏడుపు లేదు. నెత్తురు తుడవడానికి ఎవరికి డ్యూటీ వెయ్యాలా అని నేను ఆలోచిస్తున్నాను. కాసేపటికి కెజియా నడుచుకుంటూ వెళ్ళి, డైరెక్టరు మెడ దగ్గర చిమ్ముతున్న నరాన్ని వేలితో అదిమి పట్టుకుంది. ఆయన బతికాడు. ఒక కన్ను పోయింది.

కుర్చీలకి సీలు వేశారు. అలసట మళ్ళీ పేరుకుంది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. వారం రోజులు వార్డుల్లో ఏడుస్తూనే పని చేశాం. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. అదే హాల్లో రిటైరైన జడ్జిగారు కూర్చున్నారు. ఆసుపత్రి తరఫు ప్లీడరు కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. "నర్సుల్లో కోపం లేదని వాళ్ళే రాశారు. లేని కోపం ఎక్కడికీ వెళ్ళదు. కాబట్టి ఈ కోపం ముద్దాయిలదే. మేడం, ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"అబద్ధం రాశారా?"

"రాశానండి."

"ఇప్పుడు భర్త కోసం అబద్ధమాడటం లేదని నమ్మకమేంటి?"

మాలిని లేచింది. ఆ నెలలో ఆవిడ జుట్టు సగం నెరిసింది. "తిరగేసి ఎక్కించొచ్చు సార్. ఎవరిది వాళ్ళకి వెనక్కి వెళ్తుంది. ఆయన సొంత కోపమైతే ఆవిడ ఒంట్లో నిలవదు, పెట్టె వెనక్కి తోసేస్తుంది. కానీ పంతొమ్మిదిసార్లు దించుకున్నది ఒక్కసారిగా వస్తుంది. గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేను."

సీలు తీసి కుర్చీలు తెచ్చారు. మా ఆయన్ని బేడీలతో తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ముఖం నిండా గోళ్ళ గీతలు. జైల్లో తనని తనే గీరుకున్నాడు. "వద్దు సువార్తా. నువ్వు మొయ్యలేవు" అన్నాడు.

"నాదే కదండీ. నాది నాకిచ్చెయ్యండి."

ఇచ్చేవాళ్ళు కాగితం నింపాలి కదా. బేడీల చేతులతోనే రాశాడు. మూడో ప్రశ్న దగ్గర రాసింది జడ్జిగారు పైకి చదివారు: "ఉంది. నాది కాదు."

గొట్టాల్లోంచి వచ్చింది. ముందు మోకాళ్ళు, నడుం, కళ్ళు. తర్వాత అది. ముప్ఫై రెండేళ్ళది. పొట్టలోంచి లేచి గొంతు పట్టుకుంది. చెవుల్లో గుండె కొట్టుకుంటోంది. పెట్టె ఏదీ వెనక్కి తొయ్యలేదు. నా చేతికి బల్ల మీది స్టీలు కూజా ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎదురుగా ప్లీడరు బుర్ర. ఒక్క దెబ్బ చాలు. ఎలా కొట్టాలో, ఎక్కడ కొట్టాలో కూడా తెలుసు నాకు. నా వెనక మా ఆయన బేడీలతోనే తల పక్కకి వాల్చి, గురకపెట్టి నిద్రపోతున్నాడు. నెల తర్వాత మొదటి నిద్ర.

ఆ గురక విని కూజా కింద పెట్టాను. కానీ మింగలేదు. "తాళంచెవి ఏది?" అన్నాను. హాలు అదిరేలా అన్నాను. తాళంచెవి దగ్గర్నుంచి కెజియా పళ్ళదాకా, నన్ను ఆపిన గుమాస్తా చెయ్యి దగ్గర్నుంచి నాకు మింగడం నేర్పిన టీచరమ్మదాకా, గంటసేపు అన్నాను. జడ్జిగారు కాగితం నా ముందుకి జరిపారు. కోపం ఉందా? 'ఉంది' అని రాశాను. ఈసారి అక్షరాలు ముత్యాల్లా లేవు.

"నాకూ ఒక కాగితం ఇవ్వండి సార్" అంది కెజియా, గోడ దగ్గర్నుంచి. ఆ పిల్ల వెనక ఇంకొకరు. తర్వాత ఇంకొకరు.

అప్పుడు వెనక బెంచీ మీంచి సింహాచలం భార్య లేచింది. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చినవాళ్ళు వాళ్ళు. ముసలావిడ కర్ర పట్టుకుని మెల్లిగా నడిచొచ్చి, నిద్రపోతున్న మా ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

"మీ కోపాలు మీకొచ్చీసినాయి, బాగుంది. మరి మా ముసిలోడ్ని సంపిందెవులమ్మా?"

ప్లీడరు నా వైపు చూశాడు. జడ్జిగారు కలం పట్టుకున్నారు. ఒక్క మాటంటే మా ఆయన బతుకుతాడు, అదే మాటకి నేను పోతాను. దాన్ని మింగడానికి కూడా నా గొంతులో చోటుంది, ముప్ఫై రెండేళ్ళ అలవాటు.

"నేనమ్మా" అన్నాను.